రాళ్ళను చూచితిమి, తిత్తిని చూచితిమా?

విశాఖ ఉక్కు కర్మాగారమునకు ముఖద్వారమైన కూర్మన్నపాలెం మొదలు గాజువాక వరకు గల జాతీయ రహదారికి ఇరువైపుల వెలసిన నర్సింగ్ హోములలోనేమి, నగరమధ్యమున ఉన్న పెద్ద ఆసుపత్రులలోనేమి, పిత్తాశయమును తొలగించు శస్త్రచికిత్స నేడు దంతము తీయించుకొనుటవలె సామాన్యమైపోయినది. పొట్టపై మూడు నాలుగు చిన్న గాట్లు పెట్టి, కెమెరా గొట్టమును లోనికి పంపి, రాళ్ళతో నిండిన తిత్తిని వెలుపలికి తీసి, మరునాడో మూడవనాడో రోగిని నడిపించి ఇంటికి పంపుచున్నారు. ఆపరేషను ముగిసిన వెంటనే, థియేటరు వాకిట కాచుకొనియున్న బంధువులకు ఒక చిన్న సీసాలో ఆ రాళ్ళను పోసి చూపుట కూడ ఒక ఆచారముగ స్థిరపడినది. బంధువులు వానిని లెక్కపెట్టుదురు, ఫోటో తీసుకొందురు, ఇంతటి బాధకు ఇవియా కారణమని ఆశ్చర్యపడుదురు. కాని ఆ రాళ్ళను ఏండ్ల తరబడి మోసిన తిత్తి ఏమైనదని, అది ఫార్మలిన్ డబ్బాలోనికి పోయినదా లేక వ్యర్థములను వేయు పసుపుపచ్చ సంచిలోనికి పోయినదా అని అడుగువారు మిక్కిలి అరుదు.

అడుగవలసిన ప్రశ్న అదియే. తొలగించిన ప్రతి పిత్తాశయమును నిలువున కోసి, లోపలి పొరను కంటితో పరీక్షించి, పిదప సూక్ష్మదర్శినితో పరీక్షింపజేయుట వైద్యుని అభీష్టమునకు విడువరాదనియు, సందేహము కలిగినచోట కణజాల సూచికల పరీక్ష పేదవానికి సైతము అందవలెననియు, ఈ రెంటికిని అగు వ్యయమును ప్రజారోగ్య పథకములే వహింపవలెననియు నా వాదము.

పిత్తాశయ క్యాన్సర్ వైద్యశాస్త్రమునకు కొత్తది కాదు. మాక్సిమిలియన్ స్టోల్ 1777లోనే దీనిని వర్ణించియున్నాడు. రెండున్నర శతాబ్దులు గడచినను దీని స్వభావమునందలి మాయ మాత్రము తొలగలేదు. దీనికి తనదైన బాధ లేదు; ఉన్న బాధ రాళ్ళ బాధయే. కుడిడొక్కలో పోటు, తిన్నది అరుగకపోవుట, వికారము, వీపువైపు ప్రాకెడు నొప్పి, ఇవన్నియు గ్యాసు నొప్పియను పేరున మన ఇండ్లలో, ముఖ్యముగ స్త్రీలలో, ఏండ్లకొలది మాత్రలతో అణచిపెట్టబడుచుండును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చుగ వచ్చుననియు, రోగులలో అత్యధికులకు పిత్తాశయమున రాళ్ళుండుననియు తెలిసినదే. కండ్లు పచ్చబడి, బరువు తగ్గి, రోగి ఆసుపత్రికి వచ్చునప్పటికి వ్యాధి కాలేయమును, పిత్తనాళములను ఆక్రమించియుండుట సాధారణము. ఆ దశలో వైద్యము చేయగలిగినది స్వల్పము. పైత్యమార్గపు క్యాన్సర్లకు జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అను రెండు మందులను కలిపి వాడి, 2010లో ప్రకటించిన ప్రఖ్యాత పరిశోధనలో రోగుల మధ్యస్థ జీవితకాలము 11.7 నెలలు, ఒక్క జెమ్‌సిటబిన్ మాత్రమే పొందినవారికి 8.1 నెలలు. మూడున్నర నెలల ఆ తేడానే లోకమంతయు గొప్ప ముందడుగుగ స్వీకరింపవలసి వచ్చెను.

అట్టి వ్యాధికి మరియొక ముఖము కలదు. అది తటాలున పుట్టునది కాదు. రాయి ఒరయుటచేతను, పైత్యపు నిలువచేతను, దీర్ఘకాలపు వాపుచేతను పిత్తాశయపు లోపలిపొర తన సహజరూపమును విడిచి, మొదట జఠరపు పొరనో పేగుపొరనో పోలిన రూపమును దాల్చును. ఇది మెటాప్లాసియా. పిమ్మట కణముల కేంద్రకములు పెద్దవై, నల్లబడి, వరుస తప్పును. ఇది డిస్‌ప్లాసియా, నేటి పరిభాషలో దీనిని బిలిన్ అని పిలిచి, అల్పశ్రేణి, ఉన్నతశ్రేణి అని విభజింతురు. ఆ కణములు తమ హద్దును దాటి గోడలోనికి చొచ్చుకొనిపోయిననాడు అది క్యాన్సర్. ఈ వ్యాధి అధికముగ గల చిలీ దేశమున వేలకొలది పిత్తాశయములను పరీక్షించిన విద్వాంసులు, ఈ మార్పు మొదటిమెట్టు నుండి చివరిమెట్టు చేరుటకు సుమారు 15 ఏండ్లు పట్టునని అంచనా వేసిరి. ప్రకృతి మనకు ఇచ్చిన గడువు అది. అయితే చదునుగ వ్యాపించు డిస్‌ప్లాసియాకు గడ్డ ఉండదు, పుండు ఉండదు. స్కానింగులో కనబడదు, తరచుగ శస్త్రవైద్యుని కంటికిని ఆనదు. గాజుపలకపై పరచిన మూడు నాలుగు మైక్రానుల మందము గల కణజాలపు ముక్కయందే అది బయటపడును.

రాళ్ళకొరకని చేసిన శస్త్రచికిత్సలలో, ఎవ్వరును ఊహింపని క్యాన్సర్ పిమ్మటి పరీక్షలో వెల్లడియగుట వేయింట రెండు మొదలు నూరింట మూడు వరకు దేశమునుబట్టి, ఆసుపత్రినిబట్టి ఉండునని వివిధ నివేదికలు చెప్పుచున్నవి. సంఖ్య చిన్నది కావచ్చును. కాని చికిత్స ఫలించుటకు అవకాశమున్న రోగులలో ఎక్కువమంది ఈ చిన్న సంఖ్యలోనే ఉన్నారని మరువరాదు. కణితి లోపలిపొరను మాత్రమే ఆక్రమించియున్నచో, తిత్తిని తీసివేయుటయే పూర్తి చికిత్స. రోగికి ఇక వేరొక ఆపరేషను అక్కరలేదు. అదియే కండరపు పొరను చేరినచో, ఆరోగ్యము అనుకూలించినవారికి మరల శస్త్రచికిత్స చేసి, పిత్తాశయమున్న చోటి కాలేయభాగమును, ఆ ప్రాంతపు లింఫ్ గ్రంథులను తొలగింపవలయును. ఈ రెండు స్థితులకును నడుమనున్న దూరము మిల్లీమీటరులో కొంతభాగము. అంత స్వల్పదూరమును కొలుచుటకు తిత్తియే లేకున్న, ఎంతటి నిపుణుడైనను చేయగలిగినది లేదు. ఏడాది తరువాత రోగి కామెర్లతో తిరిగివచ్చిననాడు, ఆ తిత్తిలో ఏమున్నదో చెప్పగల సాక్ష్యము ఈ లోకమున ఎక్కడను దొరకదు.

ఇక కణజాల సూచికల సంగతి. పెథాలజిస్టు పని దూరమునుండి చూచువారికి సులభముగ తోచును: క్యాన్సరున్నదా, లేదా? కాని పిత్తాశయము ఆయనను పరీక్షించునట్లు ఇతర అవయవములు అరుదుగ పరీక్షించును. తీవ్రమైన వాపులో గాయపడిన పొర తనను తాను బాగుచేసికొనునపుడు, దాని కణములు డిస్‌ప్లాసియాను అచ్చముగ అనుకరించును. పొర గోడలోనికి దిగి సొరంగములవలె ఏర్పడు రోకిటాన్‌స్కీ–ఆషాఫ్ గుంటలలోనికి డిస్‌ప్లాసియా వ్యాపించినపుడు, అది క్యాన్సర్ చొచ్చుకొనిపోయినట్లు భ్రమ గొల్పును. ఉత్తర భారతమున తరచుగ కనబడు క్సాంథోగ్రాన్యులోమా వాపు స్కానింగులోను, శస్త్రవైద్యుని చేతిలోను క్యాన్సరువలెనే గట్టిపడి, చుట్టునున్న అవయవములకు అతుకుకొనియుండును. ఇట్టి సందిగ్ధములందే మార్కర్లనబడు ఈ సూచికలు అక్కరకు వచ్చును.

ప్రతిరక్షకములకు రంగునంటించి కణజాలమున తగిన పదార్థమును వెదకవచ్చునని అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్ 1941లో నిరూపించెను. ఒకే లక్ష్యమును గుర్తించు ప్రతిరక్షకములను ఎంతకావలసిన అంత తయారుచేయు ఉపాయమును కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు 1975లో కనుగొని, 1984లో నోబెల్ బహుమతి పొందిరి. ఈ రెంటి ఫలమే నేడు ప్రయోగశాలలలో ఐహెచ్‌సి అని వ్యవహరింపబడు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ప్రతిరక్షకము తన లక్ష్యమును పట్టుకొన్నచోట గోధుమవర్ణము తేలును; లేనిచోట నీలివర్ణమే మిగులును.

వీనిలో ప్రథమముగ చెప్పదగినది పి53. 1979లో కనుగొనబడిన ఈ ప్రోటీను, వారసత్వపదార్థము దెబ్బతిన్న కణమును విభజన చెందకుండ నిలువరించు కావలి. ఆరోగ్యవంతమైన కణములలో ఇది పుట్టిన కొద్దిసేపటికే నశించును గనుక, అక్కడక్కడ లేతరంగు మాత్రమే కనబడును. దీని జన్యువు చెడినపుడు, వికృతమైన ప్రోటీను నశింపక పేరుకొని, కేంద్రకములన్నియు గాఢముగ రంగెక్కును. కొన్నిట ప్రోటీనే పుట్టక రంగు సంపూర్ణముగ లోపించును. రెండును అసహజములే. అనుభవము లేనివారు ఆ రెండవదానిని రంగు లేదు గనుక క్షేమమని భ్రమపడు ప్రమాదమున్నది. ఉన్నతశ్రేణి డిస్‌ప్లాసియాలోను, క్యాన్సరులోను పి53 అసహజముగ ఉండుట తరచు. వాపువలని తాత్కాలిక మార్పులలో అరుదు. కనుక సందేహమున్నచోట ఇది త్రాసును ఒకవైపునకు మొగ్గజేయును.

రెండవది కెఐ-67. జర్మనీలోని కీల్ నగరపు పరిశోధకులు 1983లో లోకమునకు తెలిపిన ఈ సూచిక, విభజనోన్ముఖములైన కణములలో కనబడి, విశ్రాంతి దశలోనున్న కణములలో కనబడదు. పొర అడుగుభాగమునకే పరిమితము కావలసిన ఈ రంగు ఉపరితలము వరకు ప్రాకినపుడు అనుమానము బలపడును. కాని గాయము మానునపుడు సైతము కణములు వేగముగ విభజన చెందును గదా! కావున కెఐ-67 ఒక్కదానిని నమ్మి తీర్పు చెప్పుట సాహసమగును. గోడలోనికి చొచ్చినవి పొరకణములా, లేక వాపువలన చేరిన కణములా అను సందేహమునకు సైటోకెరటిన్, సిడి68 అను సూచికలు సమాధానమిచ్చును: మొదటిది పొరనుండి పుట్టిన కణములను, రెండవది భక్షకకణములను రంగెక్కించును. సిడిఎక్స్2 పేగుజాతి మార్పును చూపును. ఇవిగాక ఎస్100పి, ఐఎంపి3 మొదలగునవి పరిశోధనలలో ఆశాజనకముగ కనబడినను, వీనిలో ఏ ఒక్కటియు ఒంటరిగ నిర్ణయము చేయజాలదు.

హెర్2 అను సూచిక ప్రయోజనము వేరు. అది రోగనిర్ణయమునకు గాక చికిత్సకు దారిచూపును. పిత్తాశయ క్యాన్సర్లలో సుమారు 10 నుండి 20 శాతమున ఇది అధికముగ కనబడును. స్తనక్యాన్సరునకు ఏండ్లుగ వాడుకలోనున్న లక్ష్యచికిత్సల మార్గము ఇట్టి రోగులకును తెరచుకొన్నది. హెర్2 బలముగ గల పైత్యమార్గపు క్యాన్సరునకు జానిడటమాబ్ అను మందును 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినది. వారసత్వపదార్థపు నకలులో దొరలిన తప్పులను సరిదిద్దు మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీనుల పరీక్ష ఆవశ్యకత కూడ ఇట్టిదే. ఆ ప్రోటీనులు లోపించినవారు కొలదిమందే అయినను, వారికి రోగనిరోధక చికిత్స విశేషముగ ఫలింపవచ్చును. ఈ మందులు ఖరీదైనవి, అందరికిని అందునవి కావు. కాని ఏ మందు పనిచేయునో తెలియక అన్ని మందులకును అప్పుచేయుటకంటె, తెలిసి ఒక నిర్ణయమునకు వచ్చుట మేలు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరికయు అవసరము. మార్కర్ అను మాటకు నేడు అంగడిలో మంచి గిరాకి ఏర్పడినది. సంపూర్ణ ఆరోగ్యపరీక్షలను పేర రక్తములోని సిఎ19-9 అను సూచికను కొలిచి, క్యాన్సర్ లేదని ధైర్యము చెప్పుట, లేదా కొద్దిగ పెరిగినదని కుటుంబమంతటిని కంగారుపెట్టుట జరుగుచున్నది. పైత్యనాళమున రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినంతమాత్రముననే ఈ అంకె ఎగబ్రాకును. జనులలో కొందరి శరీరమైతే జన్మతః దీనిని ఉత్పత్తి చేయనే చేయదు. ఆరోగ్యవంతులలో పిత్తాశయ క్యాన్సరును వెదకి పట్టుటకు పనికివచ్చు రక్తపరీక్ష ఇంతవరకు లేదు. అట్లే తీసిన ప్రతి పిత్తాశయమునకును అరడజను ఐహెచ్‌సి పరీక్షలు చేయుటయు వ్యర్థమే. ముందు కన్ను, పిదప సామాన్యమైన హెమటాక్సిలిన్–ఇయోసిన్ రంగు, ఆపైన సందేహమున్నచో సూచికలు: ఈ క్రమమే శాస్త్రసమ్మతము. సూచిక సాక్షి వంటిది, తీర్పు పెథాలజిస్టుదే.

ఈ క్రమమంతయు ఆధారపడియున్నది ఒక్క డబ్బా ఫార్మలిన్‌పై అనిన అతిశయోక్తి కాదు. తిత్తిని తెరువక, పైత్యముతోనే అటులే ఉంచినచో లోపలిపొర కొన్ని గంటలలో కరగిపోవును. పరీక్షింపవలసిన పొరయే ఉండదు. చాలినంత ఫార్మలిన్ పోయక, సీసా అడుగున ఇరికించి పంపినచో కణజాలము సగము కుళ్ళును. రంగు పరీక్షలకు, ముఖ్యముగ హెర్2 వంటివానికి, కోసిన గంటలోపల ఫార్మలిన్‌లో వేసి, 6 గంటలకు తక్కువగాక 72 గంటలకు మించక ఉంచుట ప్రమాణము. ఆలస్యమున చెడిన కణజాలమును బాగుచేయు యంత్రము ఏ మహానగరపు ప్రయోగశాలలోను లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. పిత్తాశయ క్యాన్సర్ గంగాతీరపు వ్యాధియనియు, ఉత్తరప్రదేశ్, బీహారు, అస్సాములను పీడించునది దక్షిణమున అరుదనియు, అరుదైనదాని కొరకు అందరిపై భారము మోపుట ఏల యనియు అందురు. ఈ భేదము వాస్తవమే. పిత్తాశయపు రాళ్ళు దక్షిణాది రైల్వే ఉద్యోగులకంటె ఉత్తరాది రైల్వే ఉద్యోగులలో సుమారు ఏడురెట్లు హెచ్చని 1968లో మల్హోత్రా ప్రకటించిన పరిశీలన ప్రసిద్ధము. కాని ఆ పరిశీలనయే మనకు మరియొక పాఠము నేర్పుచున్నది: రైలుపట్టాల వెంట మనుష్యులు తరలుదురు, వారితో వారి దేహములును తరలును. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన నాటినుండి విశాఖ ఉక్కు ఈ ప్రాంతపు జనాభానే మార్చివేసినది. ఉక్కునగరములోను, కూర్మన్నపాలెంలోను, వడ్లపూడిలోను భూములు కోల్పోయిన నిర్వాసితుల పక్కనే ఒడిషా, బీహారు, జార్ఖండ్ రాష్ట్రముల నుండి వచ్చిన ఉద్యోగులును, కాంట్రాక్టు కార్మికులును, వారి కుటుంబములును కాపురమున్నారు. దక్షిణాది లెక్కను మాత్రమే నమ్ముకొని ఇక్కడి వైద్యుడు నిశ్చింతగ ఉండజాలడు. వ్యాధి అరుదైనచోట అనుమానమును అరుదగును. అనుమానమే లేనిచోట వ్యాధి తప్పించుకొనుట మరింత సులభము.

నెదర్లాండ్స్ వంటి దేశములలో ఎంపికచేసిన పిత్తాశయములనే ప్రయోగశాలకు పంపిన చాలునను పద్ధతి అమలులో ఉన్నదని మరికొందరు చెప్పుదురు. ఉన్నది. కాని అచ్చట శస్త్రవైద్యుడు ప్రతి తిత్తిని తెరచి, తడవి, అనుమానములేదని నిశ్చయించుకొనిన పిదపనే పారవేయవలెను. మనకు ఆ మొదటి నియమమే స్థిరపడలేదు. దానిని విడిచి, రెండవదానిని మాత్రము అరువు తెచ్చుకొనుట పొదుపు కాదు, ఉపేక్ష.

కూర్మన్నపాలెం వాసులకు ఈ మాట సులభముగ బోధపడును. వారి కర్మాగారములో కరగిన ఉక్కునుండి నమూనా తీసి, కర్బనమెంత, గంధకమెంత, భాస్వరమెంతయని ప్రయోగశాల చెప్పనిదే దానిని పోతపోయరు. నూటికి తొంబదితొమ్మిది మారులు ఉక్కు సరిగనే ఉండునని నమూనా తీయుట మానినవాడెవ్వడును లేడు.

సాధనములు లేవా యనిన, ఉన్నవి. కూర్మన్నపాలెమునకు కూతవేటు దూరమున, అగనంపూడిలో, టాటా మెమోరియల్ సెంటరు ఆధ్వర్యమున నడచు హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఆ సెంటరువారే వారణాసిలో నడపు ఆసుపత్రులు పిత్తాశయ క్యాన్సర్ రోగులను అనుదినము చూచుచున్నవి. ఆ అనుభవము ఒకే సంస్థలోపల విశాఖకు ప్రవహించుటకు అడ్డేమియు లేదు. నగరమున 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నవి. పారఫిన్ మైనములో బిగించిన కణజాలపు బ్లాకు చేతిలో ఇమిడిపోవునంతటిది. గది వాతావరణమున ఏండ్ల తరబడి చెడక నిలుచును. చిన్న నర్సింగ్ హోములో ఐహెచ్‌సి యంత్రము ఉండనక్కరలేదు. సందేహమున్న బ్లాకును బస్సులో పంపినను అది పెద్ద ప్రయోగశాలకు చేరును.

కావున ప్రభుత్వము చేయవలసినవి మూడు. ఒకటి: 2007లో ఆరోగ్యశ్రీగ ఆరంభమై, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేర నడచుచున్న పథకములోను, ఇఎస్ఐలోను పిత్తాశయ శస్త్రచికిత్సకు చెల్లించు మొత్తమునందే సూక్ష్మదర్శినీ పరీక్ష రుసుమును చేర్చి, ఆ నివేదిక సమర్పించనిదే బిల్లు చెల్లింపరాదను నియమము పెట్టవలెను. రెండు: పెథాలజిస్టు సందేహము వ్రాతపూర్వకముగ తెలిపినచోట కణజాల సూచికల పరీక్షను రోగికి ఉచితముగ, పెద్ద ప్రయోగశాలలో చేయింపవలెను. మూడు: బ్లాకులను కనీసము 10 ఏండ్లు భద్రపరచి, రోగి అడిగిననాడు ఇచ్చుటకు ప్రతి ఆసుపత్రియు బాధ్యత వహింపవలెను. చిలీ దేశము 2006లో ఒక అడుగు ముందుకు వేసి, 35 నుండి 49 ఏండ్ల వయసులోనుండి రాళ్ళతో బాధపడువారికి పిత్తాశయ శస్త్రచికిత్సను చట్టబద్ధమైన హామీగ చేసినది. మనము అంతదూరము పోనక్కరలేదు. చేసిన శస్త్రచికిత్స ఫలమును చెత్తపాలు చేయకున్న చాలును.

మరియొక లోపమును ప్రభుత్వ ఉత్తర్వుకొరకు కాచుకొనక నేడే సవరింపవచ్చును. పరీక్షాఫలము వచ్చుటకు వారమో పదిదినములో పట్టును. రోగి అంతకుముందే ఇంటికి పోవును. నొప్పి తగ్గినది గనుక ఆతడు తిరిగి రాడు. కాగితము ఫైలులో నిద్రించును. అందు ఉన్నతశ్రేణి డిస్‌ప్లాసియాయని ఉన్నను, కండరపు పొర వరకు చొచ్చినదని ఉన్నను, చదివినవాడు లేడు. తిత్తిని పరీక్షకు పంపినారా, ఫలము ఎన్నడు వచ్చునను రెండు ప్రశ్నలను ఆపరేషనునాడే అడుగుటయు, కుట్లు విప్పించుకొను దినమున ఆ కాగితమును చేతికి తీసికొనుటయు రోగి హక్కులు. అడుగకమునుపే చెప్పుట వైద్యుని ధర్మము. నూటికి తొంబదిమందికి పైగ దానిలో దీర్ఘకాలపు వాపు తప్ప వేరేమియు ఉండదు. వారికది నిశ్చింత. మిగిలినవారిలో ఏ ఒకరిద్దరికో అది రెండవ శస్త్రచికిత్సకు ఇంకను వేళ మించలేదను వార్త. ఆ వార్త అందినదా లేదా అనునది రోగి అదృష్టముపైనను, వైద్యుని అలవాటుపైనను ఆధారపడియుండుట నాగరిక సమాజమునకు తగదు.